అర అంగుళం

చెడిపోయిన వస్తువు మనిషి ముందు రెండు మార్గాలు ఉంచుతుంది. దానిని పారవేసి కొత్తది తెచ్చుకోవడం మొదటిది. అది ఎందుకు చెడిపోయిందో తెలుసుకొని బాగుచేసుకోవడం రెండవది. మొదటి మార్గానికి ధనం చాలు. రెండవ మార్గానికి ఓర్పు కావాలి, నిశితమైన చూపు కావాలి, అన్నింటికీ మించి ప్రశ్నించే బుద్ధి కావాలి. పాతికేళ్లకు పైగా ప్రాచీన కావ్యాలను పాఠం చెబుతున్న నాకు ఈ రెండవ మార్గపు విలువ ఒక పాత కారు దగ్గర, ఒక వృద్ధ కార్మికుని సమక్షంలో మరింత స్పష్టంగా బోధపడింది.

2022 జూలైలో సెలవు పెట్టుకొని ఇంగ్లండులో ఉంటున్న మా తమ్ముని ఇంటికి వెళ్లాను. ఆక్స్‌ఫర్డు నగరానికి దక్షిణాన, థేమ్సు నది ఒడ్డున ఆబింగ్డన్ అనే చిన్న పట్టణం ఉంది. మా తమ్ముని నివాసం అక్కడే. ఆక్స్‌ఫర్డులో సైకిళ్లు బాగుచేస్తూ జీవితం ఆరంభించిన విలియం మోరిస్ అనే ఆయన తరువాతి కాలంలో మోటారు కార్ల తయారీలో ప్రముఖుడయ్యాడు. ఆయన నెలకొల్పిన మోరిస్ గరాజెస్ పేరులోని తొలి అక్షరాలే ఎం.జి. కార్లకు పేరయ్యాయి. 1929లో ఆ కార్ల కర్మాగారం ఆబింగ్డన్‌కు తరలివచ్చింది. 1980లో మూతపడేవరకు అర్ధశతాబ్దం పాటు ఆ ఊరికి అదే జీవనాధారాలలో ఒకటిగా నిలిచింది. అక్కడ తయారైన కార్లలో ఎం.జి.బి. అనేది సుప్రసిద్ధమైనది. 1962 నుంచి 1980 వరకు అవి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి.

మా తమ్ముని ఇంటి షెడ్డులో 1972 నాటి ఎం.జి.బి. ఒకటి ఉంది. ఇద్దరు మాత్రమే కూర్చోవడానికి వీలైన చిన్న కారు. వానలు ఎడతెగని ఆ దేశంలో పైకప్పు మడిచిపెట్టుకొనే కారు ఎందుకు కొన్నావని అడిగితే తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు. కారణం నాకు తెలియనిది కాదు. మా నాన్నగారు రాజమహేంద్రవరంలో అంబాసిడర్ టాక్సీ నడిపి మమ్మల్నిద్దరినీ చదివించారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారే మన దేశంలో అంబాసిడర్‌గా అవతరించి, 2014లో ఉత్పత్తి ఆగిపోయేవరకు మన రహదారుల కోసం తయారవుతూ వచ్చింది. నాన్నగారి టాక్సీలోని 1489 సి.సి. ఇంజనూ, ఈ ఎం.జి.బి.లోని 1798 సి.సి. ఇంజనూ ఒకే వంశానికి చెందిన జ్ఞాతులు. తెల్లవారుజామున నాన్నగారు బండి బయటికి తీసేటప్పుడు వినిపించిన ధ్వని తమ్మునికి ఆ పరాయి దేశంలో మళ్లీ వినిపించింది. అందుకే కొన్నాడు.

నేను వెళ్లేసరికి ఆ కారు నెల రోజులుగా కదలడం లేదు. ఇంజను చక్కగా పలుకుతున్నది కాని గేరు పడడం లేదు. క్లచ్ పెడల్ తొక్కి గేరు వేయబోతే పళ్లు పటపట కొరికినట్లు చప్పుడు. వచ్చి చూసిన ఒక మెకానిక్ ఇంజను దించి క్లచ్ మొత్తం మార్చాలని చెప్పి, అయ్యే ఖర్చు కాగితం మీద వ్రాసి ఇచ్చాడట. ఆ కారులో క్లచ్ ప్లేటును చేరుకోవాలంటే ఇంజను బయటికి తీయక తప్పదు. ఆ మొత్తం చూసి తమ్ముని మనసు విరిగిపోయింది. "పిల్ల చదువు ముందుంది అక్కా! కారు మీద అంత పెట్టడం న్యాయం కాదు" అన్నాడు. విడిభాగాల కోసం పాత కార్లు కొనే వ్యక్తి ఆదివారం రావలసి ఉంది. ఆ రోజు సోమవారం.

మా మేనకోడలికి అప్పుడు పదహారేళ్లు. మన ఇంటర్మీడియట్‌కు సమానమైన చదువులో చేరబోతున్నది. తండ్రి నిర్ణయం ఆ పిల్లకు రుచించలేదు. ఎవరికీ చెప్పకుండా పక్కింటికి వెళ్లి ఒక పెద్దాయనను వెంటబెట్టుకొని వచ్చింది. ఎనభైకి చేరువైన వయసు. యౌవనంలో ఆయన ఆ ఊరి కర్మాగారంలోనే కార్లకు అంగాలు బిగించే పనివాడు. 1980లో దాని తలుపులు మూతపడిననాడు ఇంటికి నడిచి వచ్చినవారిలో ఒకడు. "ఈ బండి కూడా మీ చేతిమీదుగానే వెళ్లిందా?" అని మా మేనకోడలు అడిగితే, "వెళ్లిందని చెప్పలేను, వెళ్లలేదనీ చెప్పలేను" అన్నాడాయన.

విద్యార్థులకు ఇక్కడ క్లచ్ స్వరూపాన్ని కొంత వివరించాలి. ఇంజను నిరంతరం తిరుగుతూ ఉంటుంది. ఆ భ్రమణాన్ని గేరుపెట్టెకు అందించేది క్లచ్ ప్లేటు. బలమైన స్ప్రింగు ఒకటి ఆ ప్లేటును ఇంజను చక్రానికి అదిమిపెడుతుంది. రెండు అరచేతులు గట్టిగా కలిపి ఉంచితే ఒకదానితో పాటు రెండవదీ కదులుతుంది కదా! గేరు మార్చేటప్పుడు ఆ అరచేతులు క్షణకాలం విడిపోవాలి. విడదీయడానికే మనం పెడల్ తొక్కుతాం. కొన్ని కార్లలో పెడల్ నుంచి తీగ గాని కడ్డీ గాని ఆ పని చేస్తుంది. ఎం.జి.బి.లో ఆ దౌత్యం నెరపేది ద్రవం. పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్‌లోని ముషలకం ముందుకు కదిలి బ్రేక్ ఆయిల్‌ను గొట్టంలోనికి నెడుతుంది. ఆ ఒత్తిడి కింద ఉన్న స్లేవ్ సిలిండర్‌ను చేరి, అక్కడి ముషలకాన్ని తోస్తుంది. దానికి తగిలించిన కడ్డీ క్లచ్ మీటను కదిలించి ప్లేటును విడిపిస్తుంది. మూసి ఉన్న ద్రవం మీద కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని పదిహేడవ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రం మీరు భౌతికశాస్త్రంలో చదివినదే. స్లేవ్ సిలిండర్ వ్యాసం మాస్టర్ సిలిండర్ వ్యాసం కన్నా పెద్దది. అందువల్ల కాలితో తొక్కిన బలం పెరిగి, కదలిక తగ్గి కడ్డీని చేరుతుంది.

పెద్దాయన కారును తాకలేదు. ఒక పీట తెప్పించుకొని కూర్చొని ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఇంజను ఆపి ఉంచినప్పుడు గేర్లు పడుతున్నాయా? పడుతున్నాయి. ఇంజను తిరుగుతున్నప్పుడు? పడడం లేదు. "అయితే గేరుపెట్టె నిర్దోషి" అన్నాడు. ఈ దోషం ఒక్కసారిగా వచ్చిందా, క్రమక్రమంగా వచ్చిందా? చలికాలమంతా కారు షెడ్డులో ఉంది. వసంతంలో బయటికి తీసినప్పటి నుంచి రివర్సు గేరు మొరాయించింది. తరువాత ఒకనాడు నాలుగు రోడ్ల కూడలిలో మొదటి గేరూ పడలేదు. నూనె మట్టం తగ్గిందా? తగ్గలేదు. పెడల్ దగ్గర, స్లేవ్ సిలిండర్ దగ్గర ఎక్కడైనా తడి ఉందా? మేనకోడలు దీపం పట్టుకొని వెదకి, లేదన్నది.

అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఈనాటికీ నా చెవులలో ఉన్నది. "పెడల్ తొక్కినప్పుడు కింద కడ్డీ ఎంత కదులుతున్నది? ఎవరైనా కొలిచారా?"

ఎవరూ కొలవలేదు. ఆ కడ్డీ సుమారు అర అంగుళం కదలాలి. పూర్తిగా కదులుతూ కూడా క్లచ్ విడిపోకపోతే దోషం లోపల ఉన్నట్లు. ఇంజను దించక తప్పదు. కడ్డీయే సరిగా కదలకపోతే దోషం బయట, పెడల్‌కూ కడ్డీకీ నడుమ ఎక్కడో ఉన్నట్లు. ఇంజనును ముట్టుకోవలసిన పనే లేదు. వందల పౌండ్ల ఖర్చుకూ, చేతిలో పట్టే చిన్న వాషరుకూ మధ్య హద్దు ఆ అర అంగుళమే.

కారును పైకెత్తి, ఇనుప స్టాండ్ల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టారు. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరూ బండి కిందికి దూరకూడదని పెద్దాయన ఆ పిల్లచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. మేనకోడలు స్కేలు పట్టుకొని కిందికి దూరింది. తమ్ముడు పెడల్ తొక్కాడు. "పావు అంగుళం" అని కేక వేసింది. తొక్కిన కాలు అలాగే ఉంచమన్నాడు పెద్దాయన. కొన్ని క్షణాల తరువాత కింద నుంచి ఆశ్చర్యంతో మరో కేక: "నాన్న కాలు తీయలేదు కాని, కడ్డీ తనంతట తానే వెనక్కి వస్తున్నది!"

పెద్దాయన ముఖం వికసించింది. గొట్టంలో గాలి చేరితే పెడల్ మెత్తగా దిగి, కాలును మళ్లీ పైకి నెడుతుంది. ద్రవాన్ని అణచలేము కాని గాలిని అణచగలం కనుక అలా జరుగుతుంది. ఇక్కడి లక్షణం వేరు. క్లచ్ స్ప్రింగు వెనక్కి తోస్తున్న ద్రవం ఏదో ఒక సీలును దాటి జారిపోతున్నది. నూనె బయటికి కారడం లేదు కనుక, ఆ జారుడు లోలోపలే జరుగుతున్నది. సందేహ నివృత్తికి ఇంకొక పరీక్ష చేయించాడు. స్లేవ్ సిలిండర్‌కు వెళ్లే రబ్బరు గొట్టాన్ని, దానికి గాయం కాని నునుపైన బిగింపుతో నొక్కిపట్టించాడు. ఇప్పుడు కిందికి దారి మూసుకుపోయింది. దోషం స్లేవ్‌లోనే ఉంటే పెడల్ రాయిలా నిలవాలి. నిలవలేదు, మునుపటిలాగే మెల్లగా దిగిపోయింది. దోషం మాస్టర్ సిలిండర్‌లో ఉన్నదని తేలింది.

ఈ తర్కం నాకు పరాయిది కాదు. పర్వతం మీది పొగను చూసి నిప్పును ఊహించడం ఎలాగో అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో వివరించాడు. హేతువు ఉన్నచోట ఫలం ఉండడం అన్వయం. హేతువు లేనిచోట ఫలం లేకపోవడం వ్యతిరేకం. ఇంజను తిరిగితే గేరు మొరాయించడం, ఆగితే లొంగడం. గొట్టం మూసినా పెడల్ దిగిపోవడం. ఇవన్నీ అన్వయ వ్యతిరేకాలే. ఆ పెద్దాయనకు ఈ మాటలు తెలియవు. ఆ మాటలు వెలువడిన ఆలోచన మాత్రం ఆయన చేతివేళ్లకు తెలుసు.

నా పరిశోధన కాలంలో ఒక ప్రబంధానికి చెందిన తాళపత్ర ప్రతులను పోల్చి చూశాను. పద్యంలో యతి చెడినచోటే దోషం ఉన్నదని తొందరపడే పరిష్కర్త అక్కడి పదాన్ని మార్చివేస్తాడు. అంతకు ముందెక్కడో లేఖకుడు ఒక అక్షరం విడిచి ఉండవచ్చు. ఆ లోపం తరువాతి గణాలన్నింటినీ జరిపి, ఇక్కడ బయటపడి ఉండవచ్చు. దోషం కనిపించే చోటు ఒకటి, పుట్టిన చోటు మరొకటి. గేరు దగ్గర వినిపించిన చప్పుడుకు మూలం మూడడుగుల అవతల, ఒక రబ్బరు ముక్కలో ఉన్నట్లే.

ఆ పరిశీలనలో ఇంకొక సంగతి కూడా బయటపడింది. పెడల్ తొక్కినప్పుడు మొదటి కొంత దూరం వృథాగా పోతున్నది. మూత తీసి చూస్తే, పెడల్‌ను మాస్టర్ సిలిండర్ కడ్డీతో కలిపే పిన్ను ఒక పక్క అరిగి నెలవంకలా ఉంది. యాభై ఏళ్ల రాపిడి ఫలం అది. సీలు ఒక్కటే మార్చి ఉంటే సగం దోషం మిగిలిపోయేది. ఒక కారణం దొరకగానే వెదకడం ఆపకూడదని ఆ పిన్ను చెప్పకనే చెప్పింది.

సీళ్ల కిట్టు, కొత్త పిన్ను గురువారం తపాలాలో వచ్చాయి. రెండింటి వెల కలిపినా మెకానిక్ వ్రాసి ఇచ్చిన మొత్తంలో ఇరవయ్యో వంతు కాదు. బ్రేక్ ఆయిల్ చుక్క పడినా రంగు ఊడిపోతుంది కనుక చుట్టూ పాత గుడ్డలు పరిచారు. సిలిండర్‌ను విప్పి బల్ల మీదికి తెచ్చారు. లోపలి అంగాలను పట్టి ఉంచే ఉక్కు వలయాన్ని తీయడానికి పెద్దాయన పటకారు అందుకున్నాడు. చేయి వణికింది. మరొకసారి ప్రయత్నించాడు. వలయం జారిపోయింది. ఆయన ఒక్క క్షణం తన చేతివంక చూసుకొని, ఏమీ అనకుండా పటకారును మా మేనకోడలి చేతిలో పెట్టాడు. "నువ్వు చెయ్యి, నేను చూస్తాను" అన్నాడు.

అప్పటి నుంచి ఆ ఇద్దరిదీ ఒకే పని అయింది. ముషలకం బయటికి వచ్చింది. దాని రబ్బరు సీలు గట్టిపడి, అంచున సన్నని గీతలు పడి ఉంది. పాత ఆయిల్ టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే కొన్నేళ్లకొకసారి దానిని మార్చాలి. సిలిండర్ లోపలి గోడను దీపం వెలుగులో పరీక్షించారు. తుప్పు గాని, గుంటలు గాని ఉంటే సిలిండరే మార్చవలసి వచ్చేది. అదృష్టవశాత్తు అద్దంలా నునుపుగా ఉంది. పెట్రోలుతో కడగబోయిన పిల్లను పెద్దాయన వారించాడు. పెట్రోలు ఈ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే శుభ్రం చేయాలి.

కొత్త సీలును చేతికిచ్చి, "దీని పెదవి ఎటువైపు ఉండాలి?" అని అడిగాడు. ఆ పిల్ల వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన తొందరపెట్టలేదు. నా ఉద్యోగ జీవితంలో అంత ఫలవంతమైన మౌనాన్ని ఏ తరగతి గదిలోనూ చూడలేదు. చివరకు, "ద్రవం వైపు ఉండాలి. ఒత్తిడి పెదవిని విప్పార్చి గోడకు అదుముతుంది. అప్పుడే నూనె దాటిపోదు" అన్నది. ఆయన తల పంకించాడు. తానే చెప్పి ఉంటే ఆ సీలు ఒక్కటే సరిగా అమరేది. అడిగి చెప్పించడం వల్ల ఇకమీదట ఆమె చేతికి వచ్చే ప్రతి సీలూ సరిగా అమరుతుంది.

అన్నీ బిగించాక గాలి తీయవలసిన పని మిగిలింది. స్లేవ్ సిలిండర్ చిన్న మరకు పారదర్శకమైన గొట్టం తగిలించి, దాని కొసను కొత్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచారు. పెడల్ తొక్కడం, మర విప్పడం, మర బిగించడం, కాలు ఎత్తడం. శుక్రవారం సాయంత్రమంతా ఇదే. బుడగలు వస్తూనే ఉన్నాయి. పెడల్ మాత్రం గట్టిపడలేదు. తమ్ముడు నిస్పృహతో బయటికి వెళ్లిపోయాడు. పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "గాలికి ఎటు పోవడం ఇష్టం?" అని అడిగాడు. "పైకి" అన్నది పిల్ల. "మనం దానిని ఎటు పంపుతున్నాం?" ఆమె కళ్లు మెరిశాయి. మరునాడు ఉదయం ఆయిల్ డబ్బాను కింది మరకు కలిపి, ద్రవాన్ని దిగువ నుంచి మెల్లమెల్లగా పైకి నెట్టారు. పొంగిపోకుండా పై తొట్టిలోని ఆయిల్‌ను ముందే తగ్గించి ఉంచారు. చిరుబుడగలు ఒకటొకటిగా పైకి తేలి పగిలిపోయాయి.

మేనకోడలు మళ్లీ స్కేలు తీసుకొని కిందికి దూరింది. నేను పెడల్ తొక్కాను. మెత్తదనం లేదు. కాలి కింద ఏదో బాధ్యత ఎరిగిన వస్తువు నిలిచినట్లు తోచింది. "అర అంగుళం, అత్తా! నిలిచే ఉంది, వెనక్కి రావడం లేదు!" అని ఆ పిల్ల తెలుగులో అరిచింది. తమ్ముడు వచ్చి ఇంజను పలికించి, రివర్సు గేరు వేశాడు. చప్పుడు లేదు. కారు షెడ్డులో నుంచి వెనక్కి నడిచి జూలై ఎండలోకి వచ్చింది. ఆ ధ్వని విని తమ్ముడు చాలాసేపు స్టీరింగు మీద తల వంచుకొని కూర్చున్నాడు. నేను పలకరించలేదు. ఆ సాయంత్రమే, ఆదివారం రావలసిన వ్యక్తికి ఫోను చేసి రావద్దని చెప్పాడు.

పెద్దాయన డబ్బు తీసుకోలేదు. ఒక చిన్న పుస్తకం తెప్పించి, తేదీ, చేసిన పని, కడ్డీ కదలిక కొలత వ్రాయమని మా మేనకోడలితో చెప్పాడు. "నేను లేనప్పుడు మళ్లీ కొలిచి, దీనితో పోల్చి చూసుకో" అన్నాడు. నేర్పినవాడు తన అవసరం లేకుండా చేసి వెళ్లడమే విద్యాదానంలోని ఉత్తమ ధర్మం.

విద్యార్థులారా! మీలో కొందరు యంత్రాలతో, కొందరు మనుషులతో, కొందరు గ్రంథాలతో జీవిస్తారు. దోషాలు మూడింటిలోనూ ఎదురవుతాయి. పెద్ద చికిత్సకు పూనుకొనే ముందు చిన్న కొలత ఒకటి తీసుకోండి. లక్షణం కనిపించిన చోట ఆగిపోక, మూలం వరకు నడవండి. ఒక కారణం దొరికిన తరువాత కూడా రెండవదాని కోసం చూడండి. చేతితో పనిచేసేవాని ఆలోచన, పుస్తకం చదివేవాని ఆలోచన వేరు జాతులకు చెందినవని భ్రమపడకండి. నూనె మరకల చేతులలో ఎంత శాస్త్రం దాగి ఉంటుందో, వణికే చేతులలో సైతం అది ఎంత స్థిరంగా నిలుస్తుందో ఆబింగ్డన్‌లోని ఆ షెడ్డులో నేను కళ్లారా చూశాను.